వర్క్‌బెంచికి దళసరి చెక్క కావాలంటే కలప డిపోకి ఎందుకు వెళ్ళొద్దంటున్నాను

రాజాం నుంచి ఒక తమ్ముడు అడిగారు: "ఇంట్లో చిన్న వడ్రంగి పని మొదలుపెట్టాను. 5 అడుగుల పొడవు, 20 అంగుళాల వెడల్పు వర్క్‌బెంచి చేసుకోవాలి. పైపలక 4 అంగుళాల మందం, కాళ్ళు 4×4 అనుకున్నాను. డిపోలో టేకు అడిగితే నా బడ్జెట్‌కి నాలుగింతలు చెప్పారు. అంత మందం ఉన్న గట్టి చెక్క తక్కువలో ఎక్కడ దొరుకుతుంది?"

సూటిగా చెప్తాను. అంత మందంలో ఎండిన చెక్కని చవగ్గా ఎవరూ అమ్మరు. మీకు రెండు దారులున్నాయి. వెంటనే కావాలంటే పాత ఇళ్ళు పడగొట్టిన దూలాలు కొనండి. ఏడెనిమిది నెలలు ఆగగలిగితే వేప గానీ నిద్రగన్నేరు గానీ పచ్చి దుంగ కొని, కోత మిల్లులో రెండుంపావు అంగుళాల పలకలు కోయించి ఆరబెట్టుకోండి. రెండు దారుల్లోనూ మందం కోసం ఒకే మొద్దు వెతక్కుండా, పలకల్ని అతికించి మందం తెచ్చుకోండి. 4 అంగుళాల పైపలక కూడా అక్కర్లేదు, 3 చాలు. నా షెడ్డులో ఉన్న బెంచి 3 అంగుళాలదే. దాని మీద పదహారేళ్ళుగా దర్వాజాలు తొలుస్తున్నాను, ఊగలేదు.

నాది గరివిడి దగ్గర చిన్న షెడ్డు. మా నాన్న బండి చక్రాలు చేసేవారు. నేను దర్వాజాలు, మంచాలు, ఈ మధ్య డైనింగ్ టేబుళ్ళు చేస్తున్నాను. ఈ పనిలో ఎక్కువ డబ్బు పోగొట్టుకున్నది దళసరి చెక్క దగ్గరే, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను.

ముందు లెక్క చూసుకోండి. డిపోలో "అడుగు" అంటే ఘనపుటడుగు. మీ పైపలక 60×20×3 అంగుళాలు, అంటే 3600 ఘనపుటంగుళాలు. 1728తో భాగిస్తే రెండు అడుగుల పైచిలుకు. 32 అంగుళాల ఎత్తు 4×4 కాళ్ళు నాలుగూ కలిపి ఒకటింపావు అడుగుకి కొంచెం తక్కువ. అడ్డబద్దలకి ఇంకో అడుగు. మొత్తం నాలుగుంపావు, నాలుగున్నర. చిత్రిక, పగుళ్ళు, ముడులు, తప్పు కోతలు అన్నీ కలుపుకుంటే ఆరు నుంచి ఏడు అడుగుల చెక్క చేతిలో ఉండాలి. కొత్తవాళ్ళు తరుగు లెక్కేసుకోరు. నాలుగున్నర అడుగులు తెచ్చుకుని చివర్లో ఒక కాలుకి ముక్క లేక మళ్ళీ డిపోకి పరిగెడతారు, అప్పుడు చెప్పిన రేటు ఇచ్చుకోవాల్సిందే.

దుంగ కొలత వేరే ఉంటుంది. చుట్టుకొలతని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. 60 అంగుళాల చుట్టు, 6 అడుగుల పొడవు దుంగ అనుకోండి. 60లో నాలుగో వంతు 15, 15×15 అంటే 225, దాన్ని 144తో భాగించి ఆరుతో గుణిస్తే 9.4 అడుగులు. నిజంగా ఆ దుంగలో ఉన్న కలప దాదాపు 12 అడుగులు. ఈ పద్ధతిలో ఎప్పుడూ అసలు ఘనపరిమాణంలో 78 శాతమే లెక్కకి వస్తుంది. మిగతాది కోతలో చెక్కు కింద, పొట్టు కింద పోతుందని పూర్వం నుంచి వదిలేసిన వాటా. నా అనుభవంలో ఇలాంటి దుంగకి ఆరున్నర అడుగుల పలక చేతికొస్తుంది. అంటే మీ బెంచికి అలాంటిది ఒక్క దుంగ సరిపోతుంది. పచ్చిగా ఉన్నప్పుడు మూడు క్వింటాళ్ళు పైమాటే తూగుతుంది, కాబట్టి ట్రాక్టరు, నలుగురు మనుషులు ముందే చూసుకోండి.

డిపోకి ఎందుకు వద్దంటున్నాను? అక్కడ ఉన్నది దర్వాజాలకి, కిటికీలకి కోసిన సైజులు. 5×3, 4×3. మీలాంటివాళ్ళు 4×4 అడిగితే అప్పటికప్పుడు కోసిస్తారు, తడి ఎంతుందో వాళ్ళకీ తెలియదు. నాకు అయిన పాఠం చెప్తాను. ఒకసారి ఒక టేబుల్ ఆర్డరుకి ఒక డిపోలో "రెండేళ్ళు ఎండిన మద్ది" అని నాలుగు 4×4 కాళ్ళు అమ్మారు. పైన తట్టి చూశాను, మోత బాగానే ఉంది. జనవరిలో టేబుల్ ఇచ్చాను. మే నెలలో ఆ ఇంటి నుంచి ఫోను. వెళ్ళి చూస్తే మూడు కాళ్ళు పై నుంచి కింది దాకా బీటలిచ్చాయి. ఆ ఇంటి పిల్లాడు ఒక బీటలో రూపాయి బిళ్ళ దోపి మరీ చూపించాడు. నాలుగు కాళ్ళూ మళ్ళీ చేసిచ్చాను, నా డబ్బుతోనే. తప్పు సగం నాది. కొసలు చూడలేదు. మూడు కాళ్ళలోనూ నడిమి బెండు లోపలే ఉంది.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. చెట్టు మధ్యలో పెన్సిలంత బెండు ఉంటుంది, దాని చుట్టూ ఉంగరాలు. చెక్క ఆరేటప్పుడు ఉంగరం వెంబడి ఎంత కుంచించుకుపోతుందో, బెండు నుంచి బెరడు వైపు అందులో సగమే కుంచించుకుపోతుంది. ఉంగరం బిగుసుకోవాలని చూస్తుంది, లోపలి చెక్క అంత తగ్గనివ్వదు. ఎక్కడో ఒకచోట చీలక తప్పదు. అందుకే బెండు లోపల ఉన్న 4×4 మొద్దు, ఏ జాతిదైనా, ఎంత నిదానంగా ఆరబెట్టినా, చీలుతుంది. ఎప్పుడు అన్నదే తేడా. కొనేటప్పుడు రెండు కొసలూ చూడండి. ఉంగరాలు గుండ్రంగా పూర్తిగా కనబడితే బెండు లోపల ఉన్నట్టు. విల్లు వంపుల్లా ఒక వైపు నుంచి ఇంకో వైపుకి పోతుంటే బెండు బయటికి పోయినట్టు, అది మంచిది. కొసకి రంగు పూసి ఉంటే ఒక పక్క కొంచెం గీకి చూపించమనండి. గీకనివ్వకపోతే ఆ ముక్క వదిలేయండి.

మందం పెరిగిన కొద్దీ ఆరే టైము కూడా మందంతో పాటు పెరగదు, అంతకంటే చాలా ఎక్కువ పెరుగుతుంది. రెండంగుళాల పలక మన వాతావరణంలో ఏడెనిమిది నెలల్లో దారికొస్తే, నాలుగంగుళాల మొద్దు రెండేళ్ళు దాటినా నడుమ చల్లగానే ఉంటుంది. డిపోవాడు దళసరి సరుకుని మూడేళ్ళు పెట్టుబడి కట్టేసి ఆరబెట్టుకుని కూర్చోడు. కూర్చున్నవాడు ఆ వడ్డీ మీ దగ్గరే వసూలు చేస్తాడు. టేకు రేటులో చెట్టు విలువ ఎంతో ఆ కాలం విలువా అంతే ఉంటుంది.

ఇక పాత దూలాలు. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం, శ్రీకాకుళం, ఏ ఊరు తీసుకున్నా పెంకుటిళ్ళు పడగొట్టి స్లాబు వేస్తున్నారు. వాటిలో టేకు, మద్ది, గుగ్గిలం దూలాలుంటాయి. యాభై అరవై ఏళ్ళు నీడలో ఆరిన చెక్క. పగలాల్సినవి ఎప్పుడో పగిలిపోయాయి, వంగాల్సినవి వంగిపోయాయి, ఇక పెద్దగా కదలదు. పడగొట్టే కాంట్రాక్టరు గుత్తగా తీసుకుని అమ్ముతాడు. అమ్మకానికి వచ్చాక అడగడం కన్నా, పెంకులు దింపుతున్న రోజున వెళ్ళి నిలబడితే బేరం బాగుంటుంది. ఆ రోజు అతనికి స్థలం ఖాళీ చెయ్యాలన్న తొందర ఉంటుంది. మూడో రోజు పాత కలప కొట్టువాళ్ళు వచ్చి మొత్తం ఎత్తుకుపోతారు.

చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. గోడలో ఉన్న కొస అడుగు దాకా చెద తినేసి ఉండొచ్చు, నాని ఉండొచ్చు. అందుకని పొడవు లెక్కలో రెండు వైపులా అడుగు తీసేసి బేరం చెయ్యండి. మధ్యలో ఉలితో గుచ్చి చూడండి, దిగకూడదు. సుత్తితో తడితే కంగుమనాలి. డొల్ల మోత వస్తే లోపల పొడి ఉన్నట్టే. పాత అతుకుల కన్నాలు కాలుకి ఎక్కడ పడతాయో అక్కడే కొలుచుకుని చూసుకోండి.

అన్నిటికంటే ముఖ్యం మేకులు. పాత ఇళ్ళలో చేత్తో కొట్టిన నలుచదరం మేకులుంటాయి, తల విరిగి లోపలే ఉండిపోతాయి, పైకి తుప్పు మరక కూడా కనబడదు. నేను ఒకసారి అన్నీ పీకేశాననుకుని మిల్లుకి తీసుకెళ్ళాను. రెండో కోతలో నిప్పురవ్వలు లేచాయి, బ్లేడు పోయింది. బ్లేడు ఖరీదు నా ఖాతాలో వేశారు, ఆ రోజు నుంచి ఆ మిల్లులో నా పాత కలప ముట్టుకోరు. చాలా మిల్లుల్లో పాత చెక్క అంటేనే వద్దంటారు, వాళ్ళ తప్పేమీ లేదు. పాడైపోయిన స్పీకరు అయస్కాంతం ఒకటి తెచ్చుకుని దారానికి కట్టి, దూలం నాలుగు పక్కలా వేలెడు ఎడంతో మెల్లగా జార్చండి. లోపల ఇనుము ఉన్నచోట దారం పక్కకి లాగుతుంది. అక్కడ సుద్దతో గుండ్రం గీసి పెట్టుకోండి. ఒక దూలానికి అరగంట పడుతుంది. ఆ తరవాత వైరు బ్రష్షుతో సున్నం, ఇసుక మొత్తం దులపండి. ఇసుక బ్లేడుకి మేకు కన్నా తక్కువ శత్రువేం కాదు.

ఒక హెచ్చరిక. పాత రైలు స్లీపర్లు చవగ్గా దొరుకుతాయని కొందరు తెస్తుంటారు. వాటికి క్రియోసోట్ పట్టించి ఉంటుంది, తారు వాసన వస్తుంది. కోస్తే ఆ పొడి ఒంటికీ ఊపిరికీ మంచిది కాదు, ఎండలో జిగురు కారుతుంది. ఇంట్లోకి, చేతులు ఆనే బెంచికి అస్సలు వద్దు. విశాఖ వైపు నుంచి వచ్చే మిషన్ల ప్యాకింగ్ చెక్క మాత్రం కాళ్ళకి పనికొస్తుంది. ఎక్కువగా పైన్ జాతి చెక్క ఉంటుంది, గట్టి చెక్క కాదు, కానీ ఆరి ఉంటుంది. ముద్రలో హెచ్‌టి అని ఉంటే వేడితో శుద్ధి చేసినది. ఎంబి అని ఉంటే మందు పొగ పట్టించినది, దాన్ని ముట్టుకోకండి. సాలూరు దగ్గరలో ఉన్నవాళ్ళు లారీ బాడీలు కట్టే షెడ్లలో తునకలు అడిగి చూడొచ్చు. పొట్టివి దొరుకుతాయి, కొయ్యసుత్తులకీ, వైసు (చెక్కని బిగించి పట్టే సాధనం) దవడలకీ చాలు.

పచ్చి దుంగ దారి. నాకు ఇష్టమైనది ఇదే. చెట్లు కొట్టే మేస్త్రీలు ప్రతి మండలంలో ఉంటారు. వాళ్ళకి వేప, మామిడి, నిద్రగన్నేరు దుంగలు చాలాసార్లు కట్టెల రేటుకే పోతాయి, టన్నుల్లో అమ్ముతారు. మీ నంబరు ఇద్దరు ముగ్గురికి ఇచ్చి పెట్టండి, "చుట్టు 50 అంగుళాలు దాటి, 6 అడుగులు ముడి లేకుండా తిన్నగా ఉన్న మొద్దు పడితే కట్టెలకి కొట్టకముందు చెప్పు" అనండి. టన్ను లెక్కన కొంటున్నప్పుడు నీళ్ళకీ డబ్బిస్తున్నారని గుర్తుంచుకోండి. పచ్చి చెక్కలో బరువులో మూడో వంతు పైన నీళ్ళే. అయినా డిపో రేటు దరిదాపుల్లోకి రాదు.

చట్టం సంగతి ఇక్కడే చెప్పాలి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్టు కొట్టడానికి అనుమతి ఉండాలి, దుంగ బండెక్కాలంటే అటవీ శాఖ రవాణా పర్మిట్ నిబంధనలున్నాయి, కొన్ని జాతులకి మినహాయింపులూ ఉన్నాయి. అమ్మేవాడి దగ్గర కాగితం ఉందో లేదో అడగండి, మీ జాతికి ఏం కావాలో రేంజ్ ఆఫీసులో ఒక్క మాట కనుక్కోండి. "ఏజెన్సీ నుంచి రాత్రి దిగుతుంది, గుగ్గిలం, సగం రేటు" అని ఎవరైనా అంటే ఫోను పెట్టేయండి. బండి పట్టుబడితే ట్రాక్టరు పోతుంది, ఆ సగం రేటు ఎందుకూ చాలదు.

మన వైపు దొరికే చెక్కల మీద నా మాట:

వేప. బెంచికి నా మొదటి ఓటు. గట్టిది, చెద త్వరగా ముట్టదు, మేకు పట్టు బాగుంటుంది. నార ఎదురెదురుగా అల్లుకుని ఉంటుంది కాబట్టి చిత్రిక పడితే అక్కడక్కడా లేస్తుంది, బ్లేడు పదునుగా ఉండాలి. వేగంగా ఎండితే మెలి తిరుగుతుంది. అమ్మవారి చెట్టని కొట్టడానికి కొందరు ఒప్పుకోరు. గాలివానకి పడిపోయినదైతే ఏ పేచీ ఉండదు.

నిద్రగన్నేరు. రోడ్ల పక్కన గొడుగుల్లా ఉండే పెద్ద చెట్లు. వెడల్పు పలకలు వస్తాయి, చేవ మంచి గోధుమరంగు. బరువు తక్కువ, కుంచించుకుపోవడం కూడా తక్కువే. పైపలకకి బాగుంటుంది. కోసేటప్పుడు పొడి ముక్కు మండిస్తుంది, గుడ్డ కట్టుకోండి.

నల్లతుమ్మ. చక్రం ఆకులకి, నాగళ్ళకి మా నాన్న వాడిన చెక్క. కాళ్ళకి, కొయ్యసుత్తికి దీన్ని మించింది లేదు. పచ్చిగా ఉన్నప్పుడే కోయించాలి. ఎండాక రంపం ఏడుస్తుంది. తిన్నగా ఆరడుగుల మొద్దు దొరకడమే కష్టం.

చింత. బరువు, గట్టితనం రెండూ ఉన్నాయి, కానీ నల్లటి చేవ కొంచెమే, చుట్టూ తెల్ల చెక్క ఎక్కువ, దానికి పురుగు పడుతుంది. విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను చింతమానే కదా, అంత పొడుగు మాను మీద మనిషి కూర్చుని ఊరేగుతుంటే విల్లులా ఊగుతుంది గానీ విరగదు. పండక్కి కొన్ని వారాల ముందే తెచ్చి చెక్కుతారు, ఇంకా పచ్చిదనం ఉన్న మాను. ఆ గుణం సిరిమానుకి కావాలి, బెంచికి కాదు.

పనస. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు దీంతోనే చేస్తారు. ఒకే మొద్దులో తొలిచే ఏకాండి వీణకి ఎంత మంచి మాను కావాలో ఊహించుకోండి. తేలిక, కదలదు, పసుపు రంగు పోను పోను తేనె రంగులోకి తిరుగుతుంది. బెంచికి పెట్టడానికి నాకు మనసొప్పదు, దొరికితే వేరే మంచి పనికి దాచుకుంటాను.

మామిడి బాగా చవక, త్వరగా ఆరుతుంది, కానీ కోసిన వారంలోనే బూజు మరకలు, తరవాత పురుగు. మందు పెట్టగలిగితేనే. నీలగిరి, సరుగుడు దళసరికి పనికిరావు. మెలి తిరుగుతాయి, చీలతాయి.

పనస అన్నాను కాబట్టి తిత్లీ సంగతి చెప్పాలి. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు నేలమట్టమయ్యాయి. నెల తిరిగాక నేను అటు వెళ్ళాను. తోట పోయిన మనిషి దగ్గర బేరమాడడానికి నోరు రాలేదు, అడిగినంత ఇచ్చి రెండు పనస దుంగలు తెచ్చాను. ఒకటి ఆ వారంలోనే మిల్లుకి పంపాను. రెండోది "తీరిగ్గా కోయిద్దాం" అని షెడ్డు పక్కన మట్టి మీద వదిలేశాను. ఫిబ్రవరిలో చూస్తే కొసల నుంచి జానెడు లోపలికి నెర్రెలు, బెరడు కింద పురుగు తొలిచిన సన్నటి కన్నాలు, అడుగున చెద. మొదటి దుంగ పలకలతో రెండు దేవుడి మందిరాలు, ఒక టీపాయి చేశాను. రెండోదాంట్లో పనికొచ్చింది నాలుగు మూరల ముక్క. ఒకే తోట, ఒకే రోజు పడిన చెట్లు. దుంగ వచ్చిన వారంలో కోయించలేకపోతే కొనకండి.

కొసల విషయం ఇంకా తొందర. నీళ్ళు పక్కల నుంచి కన్నా కొసల నుంచి ఎన్నో రెట్లు వేగంగా పోతాయి, అందుకే పగుళ్ళు అక్కడే మొదలవుతాయి. దుంగ దించిన రోజే రెండు కొసలకీ మిగిలిపోయిన ఎనామిల్ పెయింటు రెండు పూతలు వేయండి, లేదా మైనం కరిగించి పూయండి. డిస్టెంపరు పనికిరాదు. మా నాన్న పేడ, మట్టి కలిపి మెత్తేవారు, ఎండి రాలితే మళ్ళీ మెత్తేవారు. అదీ పనిచేసేది. పూర్వం దుంగల్ని చెరువులో నెలల తరబడి నానేసేవారు, పురుక్కి తిండి అయిన పిండిపదార్థం నీళ్ళలోకి పోతుందని. ఇప్పుడు ఏ చెరువులో వెయ్యనిస్తారు?

మిల్లు దగ్గర మీరు నిలబడాలి. మీరు లేకపోతే తనకి సులువైన పద్ధతిలో ఒక అంచు నుంచి మొదలుపెట్టి వరసగా కోసేస్తాడు, బెండు ఏదో ఒక పలక నడుమ పడుతుంది. మొదటి కోత సరిగ్గా బెండు మీదుగా వెయ్యమనండి. దుంగ రెండు బద్దలవుతుంది. తరవాత ఒక్కో బద్ద నుంచి రెండుంపావు అంగుళాల పలకలు. ఆరి, చిత్రిక పట్టాక ఒకటిముప్పావు మిగులుతుంది. బెండు ఉన్న అంచు తరవాత చీల్చి పారేయండి, రెండంగుళాలు పోతుందని బాధపడకండి. కోతకూలి ముందే మాట్లాడుకోండి, దుంగ కొలత మీదా పలక కొలత మీదా అన్నది కూడా.

ఇంటికి తెచ్చిన రోజే పేర్చాలి. నేల నుంచి అడుగు ఎత్తులో సిమెంటు దిమ్మలు, వాటి మీద పలక, మధ్యలో అడుగున్నరకొకటి చొప్పున అంగుళం రీపర్లు (సన్న చెక్క బద్దలు). రీపర్లు అన్నీ ఒకదాని మీద ఒకటి నిలువుగా ఒకే గీతలో ఉండాలి, లేకపోతే పలక అలల్లా వంగుతుంది. రీపరు పచ్చిదైతే మరక పడుతుంది, ఎండినది వాడండి. పైన పాత స్లాబు ముక్కలో బండరాళ్ళో బరువు పెట్టండి. గాలి ఆడాలి, ఎండ తగలకూడదు. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద పెడితే నెలలో సగం పలకలు పగులుతాయి. ఆ రోజుల్లో గోనెపట్టా వేలాడదీసి గాలి తగ్గిస్తాను. కోయించడానికి మంచి కాలం కార్తీకం నుంచి సంక్రాంతి దాకా. ఎండ ముదరదు, చెక్క నిదానంగా ఆరడం మొదలుపెడుతుంది.

పురుగు మందుకి బోరిక్ యాసిడ్ ఒక వంతు, బోరాక్స్ ఒకటిన్నర వంతు కలిపి, ఆ మిశ్రమం అరకిలో పది లీటర్ల వేడినీళ్ళలో కరిగించి, పచ్చి పలకకి అన్ని వైపులా బ్రష్షుతో రెండుసార్లు పట్టించండి. పచ్చిగా ఉన్నప్పుడే లోపలికి దిగుతుంది, ఎండాక పైనే ఉంటుంది. చేతికి గ్లౌజులు, పిల్లలకి దూరం. వానకి తడిస్తే కొట్టుకుపోతుంది.

ఆరిందని ఎలా తెలుస్తుంది? చవక తేమ మీటరు సూదులు పైపైనే చూస్తాయి. నేను చేసేది ఇది. పలక పేర్చే రోజునే కొసకి అడుగు లోపల నుంచి వెడల్పంతా వచ్చేలా ఒక జానెడు ముక్క కోస్తాను, దాని రెండు కొసలకీ రంగు పూసి, బరువు చూసి పెన్సిలుతో దాని మీదే రాస్తాను. ఆ ముక్క పేర్పు మధ్యలోనే ఉంటుంది. ప్రతి నెల ఒకటో తారీఖు తీసి కిరాణా కొట్టు కాటా మీద పెడతాను. కొట్టాయన ఇప్పుడు అడక్కుండానే పప్పు పక్కకి జరుపుతాడు. నా షెడ్డులో ఇప్పుడున్న వేప ముక్క మీద అంకెలు (గ్రాముల్లో) ఇలా ఉన్నాయి: 2410, 2120, 1935, 1830, 1765, 1735, 1720, 1715. చివరి రెండు నెలలూ దాదాపు అక్కడే ఆగింది చూడండి, అంటే ఇక్కడి గాలికి సరిపడా ఆరినట్టు. మన కోస్తా గాలిలో అది పన్నెండు నుంచి పదిహేను శాతం తేమ. ఇంకా ఆరబెట్టాలని ఎండలో పెట్టినా వానాకాలం మళ్ళీ పీల్చుకుంటుంది. బరువు ఆగిన తరవాత పలకల్ని ఇంట్లోకి తెచ్చి ఇంకో రెండు వారాలు ఊరికే ఉంచండి.

అతకడం. పలకని మూడుంపావు అంగుళాల వెడల్పు బద్దలుగా చీల్చి, ప్రతి బద్దనీ పక్కకి తిప్పి నిలబెట్టండి. ఇప్పుడు వెడల్పు మందమైంది. అలాంటివి పన్నెండు పక్కపక్కన జిగురుతో బిగిస్తే మీ 20 అంగుళాల పైపలక. ఒక బద్ద ఉంగరాల వంపు ఒక వైపుంటే పక్కదాని వంపు ఇంకో వైపు ఉండేలా మార్చి మార్చి పెట్టండి. కాళ్ళకి ఒకటిముప్పావు ముక్కలు రెండు అతికిస్తే మూడున్నర, అది చాలు. 4×4 అన్నది మీరు ఎక్కడో చూసిన అంకె మాత్రమే.

జిగురు మామూలు ఫెవికాల్ ఇంట్లోకి సరిపోతుంది. షెడ్డు తడిగా ఉంటే నీటికి తట్టుకునే మెరైన్ రకం తీసుకోండి. ఒకేసారి పన్నెండూ అతకొద్దు. మన ఎండకి జిగురు పది నిమిషాల్లో పొరకడుతుంది. మూడేసి బద్దలు నాలుగు జట్లు చేసి, మర్నాడు జట్లని కలపండి. క్లాంపులు లేవంటారని తెలుసు. రెండు సరుగుడు వాసాలు, వాటి మధ్య మోకు, మోకులో కర్ర దూర్చి మెలిపెట్టడం, అంతే. నా మొదటి టేబుల్ అలాగే అతికింది. బద్దల మధ్య కాగితం దూరకూడదు, దూరితే చిత్రిక మళ్ళీ పట్టండి. జిగురుతో ఆ సందు నింపేద్దామనుకుంటే మొదటి వానాకాలమే తెరుచుకుంటుంది.

మీ విషయానికొస్తే, రెండు దారులూ కలిపి చెయ్యండి. కాళ్ళూ అడ్డబద్దలూ పాత దూలంతో ఇప్పుడే చేసేసి, పైన ప్రస్తుతానికి రెండు 18 ఎంఎం ప్లైవుడ్ షీట్లు అతికించి పని మొదలుపెట్టండి. ఈ కార్తీకంలో ఒక వేప దుంగ కోయించి పక్కన పెట్టండి. వచ్చే వానాకాలం దాటాక ప్లైవుడ్ తీసి అసలు పలక ఎక్కించుకోవచ్చు. ఈలోపు బెంచి మీద పనిచేసి ఉంటారు కాబట్టి వైసు ఎక్కడ కావాలో, ఎత్తు చాలిందో లేదో కూడా తెలుస్తుంది.

దూలం గానీ దుంగ గానీ దొరికితే కొనేముందు ఫొటో పెట్టండి, చూసి చెప్తాను. పక్క నుంచి తీసిన ఫొటోతో నాకు ఏమీ తెలియదు. కొస మీద చెంబుడు నీళ్ళు పోసి, మట్టి కడిగి, ఉంగరాలు కనబడేలా ఎదురుగా నిలబడి తీయండి. పక్కన టేపు పెట్టడం మర్చిపోకండి.